టన్నులకు లెక్క ఉంది, మనుషులకు లేదు: కె.కె. లైను గురించి రైల్వే అధికారులకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు అధ్యక్షులకు,
తూర్పు కోస్తా, దక్షిణ కోస్తా రైల్వే జోన్ల ఉన్నతాధికారులకు,
విజయనగరం, విశాఖపట్నం, అల్లూరి సీతారామరాజు జిల్లాల ప్రజాప్రతినిధులకు

ఆర్యులారా,

కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం, అంటే కె.కె. లైను పక్కన పుట్టి, గూడ్సు బండి కూతలతోనే పొద్దు తెలుసుకుంటూ పెరిగిన శృంగవరపుకోట వాసిగా ఈ లేఖ రాస్తున్నాను. ఇందులోని విషయాలను వినతిపత్రంగా రాసి, ఊరివాళ్లం కొందరం సంతకాలు చేసి, సంబంధిత కార్యాలయం ఒకదానికి గడచిన రెండేళ్లలో మూడుసార్లు అందజేశాం. మూడుసార్లూ ముద్ర కొట్టిన రసీదు చేతికొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. నాలుగోసారి అదే కాగితాన్ని అదే కిటికీలో ఇచ్చి రావడం కంటే అందరూ చదివేలా రాయడం మేలనిపించింది.

ఈ లైను ఎలా పుట్టిందో మీకు తెలియనిది కాదు. అయినా కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఇవాళ మేం పడుతున్న ఇబ్బందులకు మూలం ఆ పుట్టుకలోనే ఉంది.

కె.కె. లైనును మనుషుల కోసం వేయలేదు. ఎద్దు మూపురంలా ఉంటాయని బైలడిల్లా అని పేరు పడిన బస్తర్ కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్ ఉక్కు మిల్లులకు చేర్చడానికి వేశారు. 1960లో కుదిరిన ఏర్పాటు ప్రకారం బైలడిల్లా నుంచి ఏటా దాదాపు 40 లక్షల టన్నులు ఎగుమతి కావాలి. అందుకోసం దండకారణ్య–బొలాంగిర్–కిరిబురు, అంటే డి.బి.కె. అనే పేరుతో మూడు లైన్ల పనిని కలిపి చేపట్టారు. ఆ మూడింటిలో మన కొండల మీదుగా పోయే ఈ సుమారు 445 కిలోమీటర్ల మార్గం కోసం 58 సొరంగాలు తొలిచారు. కొత్తవలస మైదానంలో బయలుదేరిన పట్టా శివలింగపురం దాటి కొండెక్కుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలో అదే ఎత్తైనదని చాలా ఏళ్లు బోర్డు మీద రాసి ఉండేది. ఘాట్‌లో ఎక్కుడు అరవై అడుగులకు ఒక అడుగు. నడిచే మనిషికి అది ఎక్కుడులా కూడా అనిపించదు, ఖనిజం నిండిన రేకును, అంటే గూడ్సు పెట్టెల వరుసను దించుకొచ్చే డ్రైవరుకే దాని సంగతి తెలుస్తుంది.

1960ల చివరికి ఖనిజం కొండ దిగడం మొదలైంది. 1976 నాటికి పెద్ద ఓడలు నిలవడానికి విశాఖలో ఔటర్ హార్బర్ సిద్ధమైంది. 1980ల తొలి ఏళ్లలో లైనుకు కరెంటు వచ్చింది. ఆ దశాబ్దం చివర స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ 6,000 హార్స్‌పవర్ ఇంజన్లు తెప్పించి వాల్తేరు షెడ్డులో పెట్టారు. ఖనిజం కోసం అడిగింది ఏదీ ఆలస్యం కాలేదు. ఇది నింద కాదు. రైల్వే తలచుకుంటే ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదే లైను కింది కొసన మరో కథ నడిచింది. కొండల్లో పట్టాలు పడుతున్న కాలంలోనే, 1966లో, ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ‘గోదావరి’ వెలిగేసరికి 1990 అయింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అంటే ఖనిజం దేశం దాటే దారి ముందు పడింది, దాన్ని ఇక్కడే కరిగించే కొలిమి ఇంచుమించు పాతికేళ్ల తరువాత వచ్చింది. ఆ కొలిమికి ఇప్పటికీ సొంత ఇనుప గని లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మనం ఎంతో ప్రేమగా పేర్లు పెట్టుకున్న మూడు ఫర్నేసులకూ తిండి ప్రధానంగా ఈ పట్టాల మీదుగానే దిగాలి.

మా నాన్నగారు ఘాట్ సెక్షనులో గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. వానాకాలం వచ్చిందంటే ఆయనకు రాత్రి పెట్రోలింగు పడేది. చేతిలో లాంతరు, భుజాన సంచిలో బండిని హెచ్చరించడానికి పట్టాల మీద పేల్చే పటాకాలు, ఎర్రజెండా, మెడలో ఈల పెట్టుకుని, తన బీటు చివరిదాకా నడిచి, అవతలి బీటు మనిషికి పుస్తకం మార్చి, తిరిగి నడిచి వచ్చేవారు. కొండ మీద నుంచి ఎప్పుడు ఏ బండరాయి జారుతుందో తెలియదు. చీకట్లో రాయి కంటే ముందు చప్పుడు వినిపిస్తుందని ఆయన అనేవారు. అమ్మ ఆయన ఖాకీ బట్టలు ఉతికితే నీళ్లు కావిరంగులో దిగేవి. ఖనిజం ధూళి ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. ఆ నీళ్లే వాకిట్లో చల్లేది. మా వాకిలి మీద ముగ్గు ఎప్పుడూ ఎర్రనేల మీద వేసినట్టే ఉండేది. జపాను ఎక్కడుందో మాకు తెలియని రోజుల్లోనే, జపాను వెళ్లే ఖనిజంలో పిసరంత మా వాకిట్లో ఉండేదన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు ఈ లైను విషయంలో రెండు పెద్ద మార్పులు జరుగుతున్నాయి. ఒకటి వాల్తేరు డివిజను విభజన, రెండోది రెండో లైను నిర్మాణం. ఉక్కు కర్మాగారం మనుగడ ఈ రెండింటితోనూ ముడిపడి ఉంది. వీటివల్ల సామాన్యుల మీద పడే భారాన్ని ఒక్కొక్కటిగా మనవి చేస్తున్నాను.

1. రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలు ప్రకారం దక్షిణ కోస్తా అనే కొత్త జోను కోసం రాష్ట్రమంతా ఏళ్ల తరబడి ఎదురుచూసింది. 2019లో ప్రకటన వచ్చింది, 2025 జనవరి 8న విశాఖలో ప్రధానమంత్రి చేతుల మీదుగా జోను కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. అందుకు సంతోషించాం. అయితే ఆ తరువాతి నెల 7న వెలువడిన మంత్రివర్గ నిర్ణయం ప్రకారం పాత వాల్తేరు డివిజన్‌లో సుమారు 410 కిలోమీటర్లు మాత్రమే విశాఖపట్నం డివిజన్‌గా కొత్త జోనులో ఉంటాయి. కొత్తవలస–బచేలి (కిరండోల్ దగ్గరి స్టేషను) మార్గంతో సహా సుమారు 680 కిలోమీటర్లు రాయగడ కేంద్రంగా ఏర్పడే డివిజన్‌లో, తూర్పు కోస్తా జోను కింద ఉంటాయి. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, బొర్రా, అరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. మా రాష్ట్రానికని ఇచ్చిన జోనులో మాత్రం అవి లేవు. రాయగడకు డివిజను వద్దని మేం అనడం లేదు, కోరాపుట్ ప్రజలకూ మాలాగే దగ్గర్లో ఒక ఆఫీసు కావాలి, అది న్యాయం. మా ప్రశ్న ఒక్కటే. బొర్రాలో ప్లాట్‌ఫారం మీద నీటి కొళాయి పాడైతే, చదువు రాని గిరిజన మహిళ ఎవరికి చెప్పుకోవాలి? ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకు ఆమె వెళ్లేది విశాఖ వైపు. రైలు గురించి ఫిర్యాదు చేయాలంటే మాత్రం రాయగడ వైపు, అక్కడా వినకపోతే భువనేశ్వర్ వైపు చూడాలి. ఉద్యోగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఘాట్‌లో పనిచేస్తూ పిల్లలను విశాఖలో చదివించుకుంటున్న ట్రాక్‌మన్‌కు బదిలీ, క్వార్టరు, వైద్యం ఇకపై ఎక్కడి నుంచి నడుస్తాయో స్పష్టంగా రాసి ఇచ్చిన కాగితం ఆయన చేతిలో ఉండాలి.

ఇందులోనే మరో చిక్కు ఉంది. అదే నిర్ణయంలో సింహాచలం నార్త్–దువ్వాడ బైపాసు, వడ్లపూడి–దువ్వాడ, ఉక్కు కర్మాగారం–జగ్గయ్యపాలెం పట్టాలు విశాఖ డివిజన్‌కు వచ్చాయి. అంటే ఒకే రేకు, అందులో ఒకే ఖనిజం. అది బయలుదేరే కొండ ఒక జోనులో ఉంటుంది, కరిగే కొలిమి మరో జోనులో ఉంటుంది, మధ్యలో కొత్తవలస దగ్గర చేతులు మారుతుంది. రేకు ఆలస్యమైతే ఎవరు జవాబుదారీ? కాగితం మీద గీసిన ఈ గీత వల్ల కర్మాగారానికి ఖనిజం ఒక్కపూట ఆలస్యమైనా, దాని బరువు పడేది కాంట్రాక్టు కార్మికుడి మస్తరు (హాజరు పట్టీ) మీదే. 2021 జనవరిలో వంద శాతం వాటాల ఉపసంహరణ నిర్ణయం వెలువడినప్పటి నుంచి ఆ కుటుంబాలు ఎంత ఆందోళనలో బతికాయో గాజువాకలో ఏ ఇంటి తలుపు తట్టినా చెబుతారు. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఊపిరి పోసింది, కాదనం. ఆ ఊపిరి నిలబడాలంటే ఖనిజం వేళకు దిగాలి.

2. ప్రయాణికుల బండ్లు. చాలాకాలం మాకు కిరండోల్ ప్యాసింజరు ఒక్కటే దిక్కు. తరువాత రాత్రి ఎక్స్‌ప్రెస్ వచ్చింది, సెలవుల్లో ప్రత్యేక బండ్లు వేస్తున్నారు. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు పెట్టెను కూడా తగిలించారు. దాని మీద నాకు కోపం లేదు, నా మనవలు కూడా అందులోంచి సొరంగాలు లెక్కపెట్టారు. అయితే పనసకాయలు, అల్లం, పిప్పళ్లు, సీతాఫలాలు గంపలకెత్తుకుని సంతకు దిగే గిరిజనులకు ఆ పెట్టె ఎందుకూ పనికిరాదు. వారికి కావలసింది ఉదయం కిందికి దించి సాయంత్రానికి ఇల్లు చేర్చే ఒక బండి, అందులో గంప పెట్టుకోవడానికి ఇంత చోటు. ఒంటి లైను కాబట్టి క్రాసింగ్ పడుతుంది, అంటే ఎదురెదురుగా వచ్చే బండ్లలో ఒకటి ఆగి రెండోదానికి దారి ఇవ్వాలి, లోడు బండిని ఘాట్ దిగుడులో ఆపడం ప్రమాదమూ, కష్టమూ కూడా. గ్యాంగ్‌మన్ కొడుకుగా అది నాకు తెలుసు. అందుకే స్టేషనులోని పక్క పట్టా మీద, అంటే లూప్ లైనులో నిలబడేది ఎప్పుడూ ప్యాసింజరే అవుతుంది. మొన్న వర్షాల్లో ఒక చిన్న స్టేషనులో అలా ఆగిన బండిలో నేనూ ఉన్నాను. ఎదురు వరుసలో కూర్చున్న ఒక అవ్వ గంపలోని సీతాఫలాలను ఒక్కొక్కటిగా నొక్కి చూసి, మెత్తబడినవాటిని పక్కవాళ్లకు పంచేసింది. సంత వేళ దాటిపోయిందని ఆవిడకు అర్థమైపోయింది. ఈ నష్టం ఏ రైల్వే లెక్కలోకీ ఎక్కదు. అటు దంతెవాడ వైపు భద్రతా కారణాలతో బండిని మధ్యలోనే ఆపేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడి ప్రయాణికులు పడిన పాట్లు మావాటికంటే పెద్దవి.

3. రెండో లైను. కొత్తవలస–కోరాపుట్ మధ్య 189 కిలోమీటర్ల డబ్లింగు పని మంజూరై సాగుతోంది, అవతల జగదల్‌పుర్–కిరండోల్ మధ్య కూడా అదే పని. రెండో లైను వస్తే పైన చెప్పిన క్రాసింగ్ బాధ తగ్గుతుందని మేమే అందరికంటే ముందు కోరుకున్నాం. అయితే అనంతగిరి, అరకు మండలాలు గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ భూమి తీసుకునే ముందు గ్రామసభతో సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. షెడ్యూలు ప్రాంతాల్లో గనులను గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమతా తీర్పు పుట్టింది ఈ అనంతగిరి మండలంలోనే, ఈ బొర్రా చుట్టుపక్కలే. చట్టం గురించి దేశానికి పాఠం చెప్పిన నేల మీద, చట్టం అడిగిన కనీస పనిని మొక్కుబడిగా కానివ్వకండి. గ్రామసభ అంటే రోడ్డు పక్కన జీపు ఆపి సంతకాలు తీసుకోవడం కాదు. ఏ సర్వే నంబరులో ఎంత పోతుందో, పేలుళ్లు ఎప్పుడో, తొలిచిన రాయి ఎక్కడ పోస్తారో, ఊటనీరు ఎండిపోతే ఎవరు నీళ్లు ఇస్తారో, వారి భాషలో చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వడం. మైదానంలో బోరు ఎండితే మరో బోరు వేస్తారు. కొండ ఊళ్లో ఊట ఎండితే ఊరే కదిలిపోవాలి.

4. కొండచరియలు. ప్రతి వానాకాలం ఈ ఘాట్‌లో రాళ్లు పడతాయి, బండ్లు ఆగుతాయి. 2017 అక్టోబరులో చిమిడిపల్లి దగ్గర లైను దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయిన సంగతి మీ రికార్డుల్లోనే ఉంది. పైన కొత్త సొరంగాల కోసం పేలుళ్లు, కింద అరవై ఏళ్ల నాటి కోత గట్లు, వాటి మధ్య రాత్రి నడిచే మనిషి. యంత్రాలు ఎన్ని వచ్చినా ఆ మనిషి అవసరం పోలేదు. ఇప్పుడు అతను ఎక్కువగా కాంట్రాక్టు మనిషి. అతనికి వాన కోటు, బూట్లు, పనిచేసే వాకీటాకీ, బీమా ఉన్నాయో లేదో ఒక రాత్రి ఎవరైనా ఉన్నతాధికారి అతనితో పాటు ఆ బీటు నడిచి చూడాలని నా మనవి.

5. చరిత్ర. చిన్నదిగా కనిపించవచ్చు గానీ నాకిది అన్నిటికంటే ముఖ్యం. ఈ లైను గురించి మీ దగ్గర ప్రతి టన్నుకూ లెక్క ఉంది. 58 సొరంగాలను తొలిచిన కూలీల మస్తరు రోల్స్, ప్రమాదాల రిజిస్టర్లు, పరిహారాల కాగితాలు, తీసుకున్న భూముల పట్టీలు కూడా అప్పట్లో రాసే ఉంటారు. రైల్వే ఏ పనినైనా మూడు ప్రతుల్లో రాస్తుందని మా నాన్నగారు నవ్వేవారు. డివిజను రెండుగా చీలేటప్పుడు బీరువాలు కదులుతాయి, పాత కట్టలు ‘పనికిరాని కాగితం’ కింద తూకానికి పోతాయి. ఒక తరం చెమట కిలో లెక్కన అమ్ముడైపోతుంది. శిమిలిగుడలో ఎత్తు చాటే బోర్డు పెట్టిన రైల్వే, ఆ ఎత్తుకు పట్టాలు మోసినవారి పేర్లకు ఒక బోర్డు పెట్టలేదా?

పై విషయాల ఆధారంగా మేం కోరేవి ఇవి. కొత్తవలస–అరకు భాగాన్ని విశాఖపట్నం డివిజన్‌లో ఉంచే విషయాన్ని తిరిగి పరిశీలించి, ఉంచగలిగితే ఉంచాలి, కుదరదంటే ఎందుకు కుదరదో కారణాలతో రాతపూర్వకంగా ప్రకటించాలి. ఏది ఎలా ఉన్నా అరకులో, శృంగవరపుకోటలో తెలుగు, ఒడియా, ఆదివాసీ భాషలు తెలిసిన సిబ్బందితో ఫిర్యాదుల కేంద్రం పెట్టి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తీరాయో ప్రతి నెలా స్టేషనులో అతికించాలి. ఉక్కు కర్మాగారానికి వెళ్లే ఖనిజం రేకులపై రెండు జోన్లకూ కలిపి బాధ్యత వహించే అధికారి ఒకరు ఉండాలి. సంత రోజుల్లోనైనా అరకు–విశాఖ మధ్య సామాన్య పెట్టెలతో ఒక బండి నడపాలి, దానికి క్రాసింగుల్లో కనీసం ఒక వైపు ప్రయాణంలోనైనా ముందు దారి ఇవ్వాలి. డబ్లింగు పని సాగే ప్రతి గిరిజన పంచాయతీలో నిజమైన గ్రామసభ జరిపి, దాని తీర్మానాలను బయటపెట్టాలి. డి.బి.కె. కాలం నాటి రికార్డులను ఒక్క కట్ట కూడా బయటికి పోకుండా ముందే జాబితా రాయించి, విశాఖలోనో అరకులోనో అందరూ చూడగలిగే చోట భద్రపరచాలి. వీటిలో చివరిదానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. అందుకే దాన్ని వెంటనే చేయమని అడుగుతున్నాను, బీరువాలు కదిలాక అడిగి లాభం లేదు.

ఖనిజాన్ని నీటితో కలిపి గొట్టంలో పంపే 267 కిలోమీటర్ల పైపులైను ఇరవై ఏళ్ల క్రితమే కిరండోల్ నుంచి విశాఖకు వచ్చింది. 2023 అక్టోబరులో బస్తర్‌లోని నగర్‌నార్‌లో కొత్త ఉక్కు కర్మాగారం ప్రారంభమై, బైలడిల్లా ఖనిజం కొండ మీదే కరగడం మొదలైంది. రేపు ఖనిజానికి ఈ పట్టాలతో పని తగ్గినా తగ్గవచ్చు. గొట్టంలో మనుషులు ప్రయాణం చేయలేరు కాబట్టి మా అవసరం మాత్రం తగ్గదు. అందువల్ల ఈ లైను భవిష్యత్తును టన్నులతో మాత్రమే లెక్కకట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఈ లేఖ అందిన నెల రోజుల్లో, అనుకూలమైనా ప్రతికూలమైనా సరే, జవాబు ఇవ్వవలసిందిగా అభ్యర్థిస్తున్నాం. వచ్చిన జవాబును మా స్టేషనులో టైంటేబులు బోర్డు పక్కన, మీ అనుమతితో, అందరూ చదివేలా అతికిస్తాం. మూడు రసీదుల నకళ్లు దీనితో జత చేశాను.

ఇట్లు,
కె.కె. లైను ప్రయాణికుల తరఫున
శృంగవరపుకోట వాసి, ఒక గ్యాంగ్‌మన్ కొడుకు